పిల్లలు లేచేలోపు చేవెళ్ల దాకా

ఆదివారం తెల్లవారకముందే బీజాపూర్ రోడ్డు మేలుకుంటుంది. చేవెళ్ల, మొయినాబాద్ తోటల్లో కోసిన బంతి, చామంతి, గులాబీలు ఆటో ట్రాలీలకెక్కి గుడిమల్కాపూర్ పూలమార్కెట్ వైపు వస్తుంటాయి. వాటికి ఎదురుగా నగరం నుంచి సైకిళ్ల గుంపులు పోతుంటాయి. గండిపేట, చిలుకూరు, మొయినాబాద్, కనకమామిడి, చేవెళ్ల... హైదరాబాద్‌లో సైకిల్ పిచ్చి పట్టినవాళ్లకు కంఠస్థమైన దారి ఇది. ఇంకా ఊపున్నవాళ్లు మర్రిచెట్ల నీడన ముందుకు సాగి వికారాబాద్ అనంతగిరి గుట్టల దాకా పోయొస్తారు.

ఈ గుంపుల్లో ఉద్యోగం, సంసారం రెండూ మోస్తున్న వయసువాళ్లు చాలామందే కనిపిస్తారు. ఒకరి కన్ను గోవాలో జరిగే ఐరన్‌మ్యాన్ 70.3 మీద ఉంటుంది: 1.9 కిలోమీటర్ల ఈత, 90 కిలోమీటర్ల సైకిల్, 21.1 కిలోమీటర్ల పరుగు, అన్నీ ఒకే రోజు. ఇంకొకరిది బ్రెవే అనే దూర సైకిల్ యాత్రల లెక్క: 200 కిలోమీటర్లు పదమూడున్నర గంటల్లో, 600 కిలోమీటర్లు 40 గంటల్లో పూర్తిచెయ్యాలి. మరొకరు ఆగస్టు చివర్లో జరిగే హైదరాబాద్ మారథాన్ కోసం కాళ్లు గట్టిపరుచుకుంటుంటారు. ఇంట్లో రెండేళ్ల పిల్ల ఉంటే ఈ గడువులన్నిటికీ ఇంకో గడువు తోడవుతుంది. అది పిల్ల నిద్రలేచే వేళ.

అప్పా జంక్షన్ నుంచి చేవెళ్లకు పోయి రావాలంటే యాభై అరవై కిలోమీటర్లు. సీటు మీద కూర్చునేది రెండు గంటల పైచిలుకు. కానీ టైర్లలో గాలి చూసుకోవడం, జంక్షన్ దాకా చేరుకోవడం, మధ్యలో ఇడ్లీ, చాయ్, తిరిగొచ్చాక స్నానం, మధ్యాహ్నం ముంచుకొచ్చే నిద్ర కలిపితే ఇంటి ఖాతాలో పడేది అయిదారు గంటలు. అందుకే చిన్నపిల్లలున్న ఇళ్లలో ‘ప్రాక్టీసు’ అనే మాట మెల్లగా తగవుగా మారుతుంది. ఆ తగవు తీర్చే ముందు శరీరం ఏమంటుందో వినాలి. దమ్ము పెంచుకోవడానికి ఎంత సాధన కావాలి, ఉన్నది నిలుపుకోవడానికి ఎంత చాలు అన్న ప్రశ్న మీద వ్యాయామ శాస్త్రజ్ఞులు నలభై ఏళ్లకు పైగా పనిచేస్తున్నారు. వాళ్లకు దొరికిన జవాబులు తల్లిదండ్రులకు చాలావరకు ఊరటనిచ్చేవే.

దమ్ము ఎక్కడుంటుంది?

మనం దమ్ము అని పిలిచేది ఒంట్లో ఒక్కచోట ఉండదు. సాధన మొదలుపెట్టిన ఒకటి రెండు వారాల్లోనే రక్తంలోని ద్రవభాగం పెరుగుతుంది. దాంతో గుండె ఒక్కసారి కొట్టుకున్నప్పుడు పంపే రక్తం ఎక్కువవుతుంది. ఆ తర్వాత వారాలు, నెలల మీద కండరాల్లో సన్నటి రక్తకేశనాళికలు కొత్తగా అల్లుకుంటాయి. కండర కణాల్లో ఆక్సిజన్‌తో ఇంధనాన్ని శక్తిగా మార్చే మైటోకాండ్రియా సంఖ్య, సామర్థ్యం పెరుగుతాయి. కొవ్వును ఎక్కువగా వాడుకుని, గ్లైకోజెన్ అనే పిండిపదార్థ నిల్వను పొదుపు చేయడం శరీరానికి అలవాటవుతుంది. వీటన్నిటి ఫలితాన్ని ఒక్క అంకెలో చూపే కొలత వీఓ2 మ్యాక్స్: ఒళ్లు పూర్తిగా శ్రమిస్తున్నప్పుడు నిమిషానికి గరిష్ఠంగా ఎంత ఆక్సిజన్ వాడుకోగలమో అది చెబుతుంది.

కట్టుకోవడానికి ఒక్కో భాగానికి ఒక్కో వ్యవధి పట్టినట్టే, కూలిపోవడానికీ పడుతుంది. అమెరికాలో సెయింట్ లూయిస్‌లోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో ఎడ్వర్డ్ కోయిల్ బృందం 1984లో ప్రచురించిన ప్రయోగంలో, ఏళ్లుగా సాధన చేస్తున్న ఏడుగురు క్రీడాకారులు పూర్తిగా మానేశారు. మొదటి మూడు వారాల్లో వీఓ2 మ్యాక్స్ 7 శాతం పడిపోయింది. ఎనిమిది వారాలకు తగ్గుదల 16 శాతానికి చేరి అక్కడ నిలిచింది. ముందుగా పోయేది రక్త పరిమాణమే. కండరాల్లోని కేశనాళికలు మాత్రం పన్నెండు వారాలు గడిచినా దాదాపు చెక్కుచెదరలేదు. కాన్పు రోజులో, పిల్లవాడి జ్వరమో నెలరోజులు సైకిల్‌ను మూలన పెట్టించిందనుకోండి. పోయింది సులువుగా తిరిగొచ్చే భాగం, మిగిలింది ఏళ్ల కష్టం.

నిలుపుకోవడానికి ఎంత చాలు?

తల్లిదండ్రులకు ఇంతకన్నా పనికొచ్చే ప్రయోగాలు షికాగోలోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో జరిగాయి. రాబర్ట్ హిక్సన్ 1980ల మొదట్లో కొందరితో వారానికి ఆరు రోజులు, రోజుకు 40 నిమిషాల చొప్పున పది వారాలు కఠిన సాధన చేయించాడు. ఆ తర్వాత పదిహేను వారాల పాటు ఒక్కో అంశాన్ని విడిగా తగ్గించి చూశాడు. ఆరు రోజులను నాలుగుకో రెండుకో కుదించినా, తీవ్రత తగ్గనంతవరకు వీఓ2 మ్యాక్స్ నిలిచింది. 40 నిమిషాలను 26కో 13కో కుదించినా నిలిచింది. తీవ్రతను మూడో వంతు తగ్గించేసరికి మాత్రం జారిపోయింది.

గండిపేట చెరువును నింపడానికి మూసీ వరద కావాలి, నిండాక నీటిమట్టం నిలబడటానికి సన్నటి ప్రవాహం చాలు. ఒంటి సంగతీ అంతే. పెంచుకోవడానికి అయ్యే ఖర్చు వేరు, కాపాడుకోవడానికి అయ్యే ఖర్చు వేరు.

హిక్సన్ ఫలితాల్లో ఇంకో ముక్క కూడా ఉంది. సాధనను 13 నిమిషాలకు కుదించినవాళ్లలో గరిష్ఠ సామర్థ్యం నిలిచినా, ఎక్కువసేపు శ్రమపడే శక్తి పదో వంతు తగ్గింది. చేవెళ్ల దాకా పోయి రావడానికి ఆ నష్టం పెద్దగా తెలియకపోవచ్చు, 600 కిలోమీటర్ల బ్రెవేలో మాత్రం తెలుస్తుంది. కాబట్టి పొట్టి సాధన అన్నిటికీ మందు కాదు. కీళ్లు, స్నాయువులు, పొట్ట, సీటు మీది ఒరిపిడి, మనసు... ఇవన్నీ ఎక్కువసేపు సాగే రైడ్‌లోనే పాఠం నేర్చుకుంటాయి. పిల్లలు చిన్నగా ఉన్న ఏడాది రెండేళ్లు 600 మీద ఆశ పక్కన పెట్టి, 200 కిలోమీటర్ల స్థాయిని నిలుపుకోవడం శరీరశాస్త్రానికి ఒప్పే లెక్క.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు కూడా దారి ఉంది. కెనడాలోని మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయంలో మార్టిన్ గిబాలా బృందం 2016లో ఒక పోలిక ప్రచురించింది. వ్యాయామం అలవాటు లేని మగవాళ్లలో ఒక జట్టు వారానికి మూడుసార్లు 45 నిమిషాలు ఓ మోస్తరు వేగంతో సైకిల్ తొక్కింది. రెండో జట్టు ప్రతిసారీ మొత్తం పది నిమిషాలే తొక్కింది. అందులో ప్రాణం పెట్టి తొక్కింది 20 సెకన్ల చొప్పున మూడుసార్లు. పన్నెండు వారాలకు రెండు జట్లలోనూ వీఓ2 మ్యాక్స్ 19 శాతం పెరిగింది. నాలుగు నిమిషాలు గట్టిగా, మూడు నిమిషాలు తేలిగ్గా, ఇలా నాలుగుసార్లు చేసే నార్వే పద్ధతి కూడా ఇలాంటిదే. వార్మప్ కలుపుకొని నలభై నిమిషాల్లో అయిపోతుంది. హోమ్ ట్రైనర్ ఉంటే పిల్ల పక్కగదిలో పడుకున్నప్పుడే ముగించవచ్చు. ముప్ఫై అయిదు దాటి, కుటుంబంలో గుండెజబ్బు, బీపీ, మధుమేహం ఉన్నవాళ్లు ఇలాంటి తీవ్ర సాధనకు ముందు డాక్టరును కలవడం మంచిది.

అసలు కొరత నిద్రది

చిన్నపిల్లల ఇంట్లో సమయం కన్నా ముందు కరిగిపోయేది నిద్ర. జర్మనీ కుటుంబాల సర్వే సమాచారాన్ని విశ్లేషించి 2019లో ప్రచురించిన పరిశోధన ప్రకారం, బిడ్డ పుట్టిన తొలి మూడు నెలల్లో తల్లి నిద్ర రోజుకు గంట దాకా తగ్గింది. తండ్రిది పావుగంట దాకా తగ్గింది. ఆరేళ్లు గడిచినా ఇద్దరి నిద్రా పూర్తిగా పాత స్థాయికి రాలేదు. ఈ లెక్కలో ముక్కలు ముక్కలయ్యే నిద్ర కనిపించదు. రాత్రి మూడుసార్లు లేచి పాలిచ్చిన తల్లి మొత్తం ఏడు గంటలు పడుకున్నా, గాఢనిద్ర ఎంత దక్కిందో చెప్పలేం.

సాధన బలమివ్వదు, సాధన తర్వాతి విశ్రాంతి ఇస్తుంది. వ్యాయామం కండరంలో చేసిన చిన్న చిన్న గాయాలు మానడానికి నిద్ర తోడ్పడుతుంది, గ్రోత్ హార్మోన్ ఎక్కువగా విడుదలయ్యేది గాఢనిద్రలోనే. నిద్ర తక్కువైనప్పుడు అదే వేగం మరింత కష్టంగా తోస్తుంది, జలుబులూ త్వరగా పట్టుకుంటాయి. 2015లో ఆరిక్ ప్రాథర్ బృందం 164 మంది నిద్రను వారం రోజులు పరికరాలతో కొలిచి, తర్వాత వాళ్ల ముక్కులో జలుబు వైరస్ చుక్కలు వేసింది. రాత్రికి ఆరు గంటల లోపు పడుకున్నవాళ్లకు జలుబు చేసే అవకాశం, ఏడు గంటల పైన పడుకున్నవాళ్లకన్నా నాలుగు రెట్లకు పైగా ఉంది. విచిత్రమేమంటే, ఇలాంటి ప్రయోగాల్లోనే పాల్గొన్న 795 మంది సమాచారాన్ని 2012లో పరిశీలిస్తే, పిల్లలున్నవాళ్లకు జలుబు చేసే అవకాశం లేనివాళ్లకన్నా సగం తక్కువని తేలింది. వైరస్‌పై అంతకుముందే వచ్చిన రోగనిరోధక శక్తిని లెక్కలోకి తీసుకున్నా ఆ తేడా పోలేదు. కారణం ఇంకా స్పష్టం కాలేదు.

ఆచరణలో దీని అర్థం సులువే. రాత్రి నిద్ర చెడితే ఆ రోజు తీవ్ర సాధన వదిలేసి తేలిక రైడ్ చేయాలి, లేదా పడుకోవాలి. వరసగా రెండు మూడు రాత్రులు చెడితే అలారమే పెట్టుకోవద్దు. నాలుగు గంటల నిద్ర మీద చేసిన గట్టి సాధన శరీరానికి అప్పుగా మిగులుతుంది.

బీజాపూర్ రోడ్డు మీద ఇది ప్రాణానికి సంబంధించిన విషయం కూడా. ఈ దారిలో కంకర టిప్పర్లు, లారీలు, బస్సులు ఎడతెగవు. 2024 డిసెంబర్‌లో ఆలూరు దగ్గర రోడ్డు పక్కన కూరగాయలు అమ్ముకుంటున్నవాళ్ల మీదికి లారీ దూసుకెళ్లింది. 2025 నవంబర్‌లో మీర్జాగూడ దగ్గర టిప్పర్, ఆర్టీసీ బస్సు ఢీకొన్న ఘటనలో ఎంతోమంది ప్రాణాలు పోయాయి. రోడ్డు వెడల్పు పనులు, మర్రిచెట్లను కాపాడాలంటూ జాతీయ హరిత ట్రిబ్యునల్ దాకా వెళ్లిన వివాదం... ఇవన్నీ ఈ దారి కథలో భాగమే. నిద్రమత్తులో ఉన్నవాడు ఇలాంటి రోడ్డు మీదికి రాకూడదు. చీకటితోనే బయల్దేరాల్సిన రోజుల్లో ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 2023 అక్టోబర్ 1న ప్రారంభమైన సైకిల్ ట్రాక్ మేలు. సోలార్ పలకల కప్పుతో 23 కిలోమీటర్ల పొడవున కట్టిన ఈ ట్రాక్‌లో ఒక పాయ నానక్‌రామ్‌గూడ నుంచి పోలీస్ అకాడమీ దగ్గరి అప్పా జంక్షన్ దాకా వస్తుంది. వారం మధ్యలో పొట్టి, గట్టి సాధనలు అక్కడ ముగించుకుని, చేవెళ్ల దారిని వెలుతురొచ్చాక, నిద్ర నిండిన రోజున పట్టుకోవచ్చు.

అమ్మ తిరిగి సైకిలెక్కేది ఎప్పుడు?

తండ్రి విరామం సమయానికి సంబంధించింది. తల్లిది శరీరానికి సంబంధించింది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 60.7 శాతం కాన్పులు సిజేరియన్‌లే. పొట్టను కోసి కుట్టినప్పుడు లోపలి గట్టి పొర ఆరు వారాలకు తన పూర్వబలంలో సగానికి కాస్త ఎక్కువ మాత్రమే తిరిగి పొందుతుంది. మిగతాది కూడగట్టుకోవడానికి నెలలు పడుతుంది. మామూలు కాన్పయినా మూత్రాశయాన్ని, గర్భసంచిని మోసే కటి కండరాలు సాగి అలసి ఉంటాయి. అందుకే బ్రిటన్ ఫిజియోథెరపిస్టులు 2019లో రాసిన మార్గదర్శకాలు పరుగును కనీసం మూడు నెలల తర్వాతే, అదీ పరీక్షించి చూశాకే మొదలుపెట్టమంటాయి. అంతవరకు నడక, కటి కండరాల వ్యాయామాలు, మెల్లగా బలం పెంచే కసరత్తులు చాలు. దగ్గినప్పుడు, గెంతినప్పుడు మూత్రం కారితే ‘కాన్పయ్యాక అందరికీ ఇంతే’ అని సర్దుకుపోనక్కర్లేదు. దానికి వైద్యం ఉంది.

వ్యాయామం చేస్తే పాలు తగ్గుతాయన్న భయం చాలా ఇళ్లలో వినిపిస్తుంది. 1994లో అమెరికాలో జరిగిన ప్రయోగంలో బాలింతలు వారానికి అయిదు రోజులు, 45 నిమిషాల చొప్పున పన్నెండు వారాలు వ్యాయామం చేసినా పాల పరిమాణం, పోషకాలు మారలేదు. అయితే తిండి సరిపోవాలి. మన తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ, ఐసీఎంఆర్ సిఫారసుల ప్రకారం పాలిచ్చే తల్లికి తొలి ఆరు నెలలు రోజుకు 600 కిలో కేలరీలు అదనంగా కావాలి. సాధనకయ్యే ఖర్చు దాని మీద ఇంకా అదనం. దీనికి తోడు రక్తహీనత ఉంది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలోనే తెలంగాణలో 15–49 ఏళ్ల మహిళల్లో 57.6 శాతం మందికి రక్తహీనత ఉన్నట్టు తేలింది. ఆక్సిజన్‌ను మోసేది హీమోగ్లోబినే కాబట్టి, ఎంత సాధన చేసినా దమ్ము రావడం లేదంటున్న తల్లి ముందు వెళ్లాల్సింది రక్తపరీక్షకు.

ఈ జాగ్రత్తల అర్థం ఆమె ఇంట్లోనే ఉండిపోవాలని కాదు. బ్రిటన్‌కు చెందిన జాస్మిన్ పారిస్ 2019 జనవరిలో 431 కిలోమీటర్ల స్పైన్ రేసును 83 గంటల 12 నిమిషాల్లో ముగించి మగవాళ్లందరినీ దాటి గెలిచింది. అప్పటికి ఆమె కూతురికి పద్నాలుగు నెలలు. దారిలోని మజిలీల్లో ఆగి బిడ్డ కోసం పాలు పిండి ఉంచింది. అందరికీ అది సాధ్యం కాదు. కానీ ఆ గెలుపు వెనకాల ఆమె శ్రమతోపాటు, ఆమె పరుగెత్తుతున్నప్పుడు బిడ్డను చూసుకున్నవాళ్ల గంటలూ ఉన్నాయి.

ఆ గంట ఎవరిది?

శరీరశాస్త్రం ఇక్కడ ఆగి, ఇంటి లెక్క మొదలవుతుంది. జాతీయ గణాంక కార్యాలయం 2024లో జరిపిన సమయ వినియోగ సర్వేలో, ఇంటిపనుల్లో పాలుపంచుకున్న ఆడవాళ్లు రోజుకు సగటున 289 నిమిషాలు, మగవాళ్లు 88 నిమిషాలు వాటికి వెచ్చించారు. 15–59 ఏళ్లవాళ్లలో ఇంట్లోవాళ్ల ఆలనాపాలనా చూసిన ఆడవాళ్లు 41 శాతం, మగవాళ్లు 21.4 శాతం. ఆ పనికి పెట్టింది వరసగా 140, 74 నిమిషాలు. అంటే చాలా ఇళ్లలో నాన్న లాంగ్ రైడ్ అమ్మకు లాంగ్ డ్యూటీ.

చేవెళ్ల మర్రిచెట్ల కింద దొరికే ప్రశాంతతకు ధర కట్టాలంటే సైకిల్ కంప్యూటర్ చూపే గంటలు లెక్కలోకి రావు. అలారం మోగినప్పటి నుంచి ‘ఇక పిల్లను నాకివ్వు’ అని చేతులు చాచేదాకా పట్టినవే అసలు గంటలు. ఆ లెక్కన ఒకరు వాడుకున్నన్ని గంటలు రెండోవారికి కూడా ఆ వారమే దక్కాలి. వాళ్లు పరుగెత్తుతారో, నిద్రపోతారో, ఊరికే కూర్చుంటారో వాళ్లిష్టం. పసిపిల్లను చూసుకునే అమ్మమ్మ, నానమ్మలది ఉచిత సేవ అనుకోవడం ఇంకో పొరపాటు. వాళ్ల మోకాళ్లకూ విశ్రాంతి దినం కావాలి.

వెంట తీసుకెళ్తే

పిల్లలకు దూరంగా చేసే సాధన కొంతైతే, పిల్లలతో కలిసి చేసేది కొంత. అమెరికాలోని ఫ్రామింగ్‌హామ్ పరిశోధకులు 1991లో నాలుగు నుంచి ఏడేళ్ల పిల్లలకు, వాళ్ల తల్లిదండ్రులకు కదలికలు కొలిచే పరికరాలు తగిలించి చూశారు. తల్లి చురుగ్గా ఉంటే పిల్లలు చురుగ్గా ఉండే అవకాశం రెండు రెట్లు, తండ్రి ఉంటే మూడున్నర రెట్లు, ఇద్దరూ ఉంటే దాదాపు ఆరు రెట్లు కనిపించింది. మూడు నాలుగేళ్ల పిల్లలు రోజుకు మూడు గంటలు కదులుతూ ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటోంది. చిలుకూరులో బాలాజీ చుట్టూ పదకొండు ప్రదక్షిణలు, పక్కనే మృగవని జాతీయ వనంలో జింకలను వెతుక్కుంటూ నడక... తల్లిదండ్రులకు తేలిక సాధన, పిల్లలకు ఆనాటి కోటాలో మంచి భాగం.

పెద్దలు ఆయాసపడుతున్నా పిల్లలు గెంతుతూనే ఉండటానికి కూడా శాస్త్రం ఉంది. ఫ్రాన్స్‌లో 2018లో జరిగిన పరిశోధనలో 8–12 ఏళ్ల మగపిల్లల కండరాలు అలసటను తట్టుకోవడంలో జాతీయ స్థాయి క్రీడాకారులతో సమానంగా నిలిచాయి. తీవ్రశ్రమ తర్వాత గుండెవేగం వాళ్లకన్నా తొందరగా దిగొచ్చింది. పిల్లల కండరాలు ఆక్సిజన్‌తో శక్తి తయారుచేసుకునే దారినే ఎక్కువగా వాడుకోవడం దీనికి కారణం.

దీన్ని చూసి పిల్లల చేత మారథాన్లు పరుగెత్తించకూడదు. ఒడిశాలో నాలుగేళ్ల బుధియా సింగ్‌ను 2006 మే నెలలో పూరీ నుంచి 65 కిలోమీటర్లు పరుగెత్తించడం, ఆ తర్వాత ప్రభుత్వం అతని దూర పరుగులను నిషేధించడం చాలామందికి గుర్తుండే ఉంటుంది. పిల్లల ఒళ్లు కొద్దిసేపు గెంతి, కొద్దిసేపు ఆగి, మళ్లీ గెంతేలా తయారైంది. ఎముకల చివర పెరిగే భాగాలు ఇంకా గట్టిపడవు.

ఒక వారం ఎలా ఉండొచ్చు?

పై సంగతులన్నీ కలిపితే చిన్నపిల్లలున్న ఇంటికి వారానికి నాలుగైదు గంటల సాధన సరిపోతుంది. నలభై నిమిషాల గట్టి సాధన రెండుసార్లు, ఒకటి సైకిల్ ట్రాక్ మీద, ఇంకొకటి ఇంట్లో. ఇరవై నిమిషాల బలం కసరత్తులు రెండుసార్లు, పిల్లలు వీపెక్కినా ఫర్వాలేదు. పిల్లలతో కలిసి ఒక నడకో ఆటో. రెండు వారాలకోసారి చేవెళ్ల దాకా లాంగ్ రైడ్, దాని పక్క ఆదివారం రెండోవారిది. పెద్ద పోటీ పెట్టుకుంటే దానికి ముందు పది పన్నెండు వారాలు మాత్రమే సాధన పెంచడం, ఆ వారాలేవో ఇంట్లో అందరూ కూర్చుని ముందే నిర్ణయించుకోవడం.

దమ్ముకు వయసు గడువు మనం అనుకున్నంత దగ్గరలో లేదు. నలభై దాటాక ఈత నేర్చుకున్న హైదరాబాద్ వాసి గోలి శ్యామల 2021 మార్చిలో శ్రీలంక నుంచి రామేశ్వరం వైపు దాదాపు 30 కిలోమీటర్ల పాక్ జలసంధిని ఈదారు. పసితనం గడిచే నాలుగైదేళ్లు నిలుపుకోవడానికి కేటాయించినవాళ్లకు, పెంచుకోవడానికి ఆ తర్వాత చాలా ఏళ్లు మిగులుతాయి. ఈలోపు సాధన పట్టిక రాసుకునేటప్పుడు మొదటి గడిలో కిలోమీటర్లకు బదులు, ఈ వారం ఇంట్లో ఎవరు ఎన్ని గంటలు పడుకున్నారో రాయండి. మిగతా గళ్లలో ఎంత పడుతుందో ఆ అంకెలే చెబుతాయి.